వలచి వచ్చిన రక్కసి

లక్కయిల్లు కాలిపోయిన పిదప అడవిదారి పట్టిన పాండవులు ఒక చెట్టుక్రింద ఒడలెఱుగక నిద్రించుచుండగా, ఒంటరిగా మేలుకొని కావలి కాయుచున్న భీమసేనుని కడకు ఒక రాక్షసకాంత వచ్చెను. ఆమె వచ్చినది వలచుటకు కాదు. నరమాంసపు వాసన పసికట్టిన అన్న హిడింబుడు వారిని చంపి తెమ్మని ఆమెను పంపియుండెను. అయితే భీముని చూచినంతనే, వీరిని చంపినచో అన్నకును తనకును కలుగు తృప్తి ముహూర్తమాత్రమనియు, చంపక విడిచినచో ఇతనితోడి సుఖము ఏండ్లతరబడి నిలుచుననియు ఆమె తలపోసినట్లు సంస్కృత భారతము చెప్పుచున్నది. ఆకలియు ప్రేమయు ఒకే హృదయములో ఎదురెదురుగా నిలిచి లెక్క తేల్చుకొనిన ఘట్టము ఇంత స్పష్టముగా మఱియొకచోట నాకు కానరాలేదు. హిడింబ ఆకలిని విడిచినది గనుక ఆమెకు భీముడు దక్కెను. అదియు నియమములకు లోబడియే: పగటివేళ మాత్రమే విహారము, రాత్రికి అతనిని తల్లి కడకు చేర్చుట, కొడుకు పుట్టినంతనే ఎడబాటు.

రాక్షసి వలచినపుడు ఆ వలపు నిజముగా వలపేనా, లేక వేఱు వేషము దాల్చిన ఆకలియా అను ఈ ప్రశ్న, ఐరోపా అమెరికాలలో గడచిన కొన్ని దశాబ్దములుగా విస్తరించుచున్న ఒక కథాశాఖలో మఱింత క్లిష్టమై మనముందు నిలుచుచున్నది. తరతరాలుగా పిల్లలకు చెప్పుచు వచ్చిన అద్భుతకథలను తీసికొని, అందలి రాకుమారుని ప్రక్కకు తొలగించి, కన్యకును ఆమెను భయపెట్టు మృగమునకును, నిద్రించు సుందరికిని ఆమెను శపించిన మంత్రగత్తెకును నడుమ ప్రణయము కల్పించు పునఃకథనములవి. వలచిన యామెయు వలపింపబడిన యామెయు స్త్రీలే. వారిలో ఒకతె మనుష్యజాతికి చెందనిది. కథ యంతయు చీకటిలోను, నెత్తుటి వాసనలోను సాగును. వీనిని అంగడి వినోదమని త్రోసివేయువారు కలరు, నీతిబాహ్యములని దూషించువారును కలరు. ఈ రెండును తొందరపాటు తీర్పులే యని నా నిశ్చితాభిప్రాయము. ఏలయనగా వీని గర్భమున దాగియున్నది మతాచార్యులు శతాబ్దములతరబడి మల్లగుల్లాలు పడిన ప్రశ్న: వికృతాకారమునకు ఆత్మ కలదా? కలదేని, దానిని ప్రేమించుటకు ముందు దాని ఆకారము మారి తీరవలెనా?

అయిదవ శతాబ్దమున సెయింట్ ఆగస్టీన్ తన ‘దైవనగరము’ అను గ్రంథపు పదునాఱవ భాగమున, కుక్కతలల మనుష్యులు, ఒంటికంటి జాతులవారు మున్నగువారిని గూర్చి విచారించుచు, అట్టివారు నిజముగా ఉండి, బుద్ధి కలిగి, మరణధర్మము కలిగినవారైనచో, వారి రూపమెంత వింతయైనను ఆదిమానవుని సంతతివారే యని తేల్చెను. విశాలమైన తీర్పది. కాని తరువాతివారందరు అంత విశాలముగా లేరు. 1541లో మరణించిన పారాసెల్సస్ అను వైద్యుని గ్రంథమొకటి 1566లో వెలువడెను. నీటిలో నివసించు స్త్రీలకు రూపమును బుద్ధియు ఉన్నను ఆత్మ లేదనియు, మనుష్యుని పెండ్లాడినపుడే అది వారికి లభించుననియు అందు కలదు. ఆ భావమే 1811లో ఫూకే వ్రాసిన ‘ఉండీన్’ కథకు మూలమై, 1837లో ఆండర్సన్ ‘చిన్న మత్స్యకన్య’లోనికి ప్రవేశించెను. ఆ కథలో సముద్రవాసులు మూడువందల యేండ్లు బ్రదికి నురుగై పోవుదురు. మనుష్యుడొకడు తల్లిదండ్రులకంటె ఎక్కువగా ప్రేమించి, పురోహితుని యెదుట చేయిపట్టినపుడే వారికి అమరమైన ఆత్మ సంక్రమించును. భర్త ప్రసాదించినగాని భార్యకు ఆత్మ లేదను ఈ సిద్ధాంతము నాకు మిక్కిలి బాధాకరముగా తోచుచున్నది. అయినను ఆండర్సన్ మహాకథకుడు గనుక, కథ తన సిద్ధాంతమును మించిపోవునట్లు చేసెను: రాకుమారుని రక్తము పాదములపై పడినచో మరల మత్స్యరూపము వచ్చునని తెలిసియు, అక్కలు తమ కురులను ధారపోసి తెచ్చిన కత్తిని ఆమె సముద్రములోనికి విసరివేయును. ఆ కత్తిని విసరివేసిన చేతికి ఆత్మ లేదని ఎవరు చెప్పగలరు?

చీమ మొదలు బ్రహ్మ వఱకు జీవుడొక్కడే యని నమ్మిన మన దేశమున ఈ ప్రశ్న పుట్టనేరదని కొందఱు గర్వింతురు. ఆ గర్వమునకు కొంత ఆధారము లేకపోలేదు. భాగవతమున గజేంద్రుడు మాత్రమే కాదు, అతని కాలు పట్టిన మొసలియు తరించెను. అయితే మొసలి తరించుట యనగా మొసలి రూపమును విడిచి, దేవలుని శాపమునకు పూర్వము తానున్న హూహూ అను గంధర్వరూపమును పొందుటయే. అనగా మన పురాణములలోను కరుణ చాలవఱకు రూపము మారిన పిమ్మటనే పరిపూర్ణమగుచున్నది. దీనికి గొప్ప అపవాదము ఆఱవ స్కంధమందలి వృత్రాసురుడు. అతడు అసురదేహముతోనే, చేత ఆయుధముతోనే, యుద్ధభూమి నడుమనే భగవంతుని స్తుతించెను. ఆ స్తుతి చేయుటకు అతడు ముందుగా సుందరుడు కావలసిన యవసరము భాగవతకర్తకు కనబడలేదు. ఆధునిక పునఃకథనకర్త్రులు వెదకుచున్నది ఇట్టి ఘట్టమునే యని నేను భావించుచున్నాను.

వారు ప్రధానముగా ఎదిరించుచున్న కథ ‘సుందరి-మృగము’. రెండవ శతాబ్దమున అపులేయుడు చెప్పిన సైకీ కథ దీనికి దూరపు పూర్వజ; భర్త సర్పరూపియైన భయంకర జంతువని అక్కలు చెప్పిన మాట విని, దీపము పట్టి చూచిన ఆమెకు మన్మథుడే కనబడెను. 1740లో విల్నవ్ అను ఫ్రెంచి రచయిత్రి మృగకథను విపులముగా వ్రాయగా, 1756లో ల్యప్రాన్స్ ద బోమాన్ దానిని బాలికల పఠనమునకై కుదించెను. కుదింపులో ఒక మార్పు గమనింపదగినది. విల్నవ్ మృగము రాత్రివేళ తనతో శయనింతువా యని అడుగును. బోమాన్ మృగము తన్ను పెండ్లాడుదువా యని అడుగును. ఈ మర్యాదీకరణముతోపాటు ఒక పాఠమును స్థిరపడెను: సుగుణవతి ఓర్చుకొనినచో మృగము రాజకుమారుడగును. ఎన్నడును చూడని వానికి తండ్రి అప్పగింప పోవు కన్యలకు ఈ కథ ధైర్యము నూరిపోసియుండవచ్చును. కాని మృగము మృగముగానే ఉండిపోయినచో ఏమి చేయవలెనో అది చెప్పలేదు. ఆ మృగము స్త్రీయైనచో అసలే చెప్పలేదు.

స్త్రీయైన మృగమును నిర్భయముగా చూపిన మొదటి గొప్ప గద్యకథ, నా యెఱుకలో, డబ్లిన్ నగరవాసి షెరిడన్ లెఫాన్యూ 1871-72లో పత్రికాముఖమున ప్రకటించి, 1872లో తన సంపుటములో చేర్చిన ‘కార్మిల్లా’. ‘డ్రాక్యులా’ దాని తరువాత ఇరువదియైదేండ్లకుగాని పుట్టలేదు. ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతపు ఏకాంత దుర్గమున, తల్లి లేని లారా అను బాలిక తండ్రితో నివసించుచుండును. దుర్గము సమీపమున ఒక బండి తలక్రిందులై, అందలి యువతి వారి యింట అతిథిగా మిగిలిపోవును. ఆమెయే కార్మిల్లా. ఆమె లారాను ప్రేమించును, ఆమె రక్తమును త్రాగును. ఈ రెండింటికిని భేదమున్నదని ఆమెకు తోచినట్లు కానరాదు. చుట్టుప్రక్కల పల్లెపడుచులు ఒక్కొక్కరే రాలిపోవుచుందురు. శవయాత్రలోని భక్తిగీతము చెవినబడినపుడు అతిథి ముఖము వివర్ణమగును. ఆకర్షణయు ఏవగింపును ఒకే క్షణమున తన్ను పట్టి ఊపిన తీరును లారా మరుగుపఱుపక చెప్పును. తుదకు తండ్రియు, తన పెంపుడుబిడ్డ బెర్తాను కోల్పోయిన సేనాపతియు, అధికారులును, వైద్యులును కలిసి ప్రాచీనమైన సమాధిని త్రవ్వి, నెత్తుట తేలుచున్న దేహమునకు మేకు దిగగొట్టి, తల నరికి, దహించి, బూడిదను నదిలో కలుపుదురు. లారా అక్కడ లేదు. ఆ వృత్తాంతమును ఆమె ప్రభుత్వాధికారుల నివేదికనుండి ఎత్తి వ్రాయుచున్నది. ఏండ్లు గడచిన పిమ్మటకూడ, గది గుమ్మము కడ ఆ పరిచితమైన తేలిక అడుగు వినబడినట్లు ఆమె ఉలికిపడుచునే యుండును.

ఈ కథలో కార్మిల్లా కేవలము సంఘము చేత నిందితయైన ప్రేయసి మాత్రమే యని వాదించు విమర్శకులతో నేను ఏకీభవింపజాలను. బెర్తా చనిపోయినది, ఆ పల్లెపడుచులు చనిపోయిరి, వారికిని తల్లులుండిరి. అట్లని, ఆమెది ప్రేమయే కాదని సేనాపతితో చేరి ప్రమాణము చేయుటకును నాకు మనసొప్పదు. ఆమె లారా నొక్కతెనే ఇంతకాలము దగ్గఱ ఉంచుకొని, ఇంత మెల్లగా, ఇంత దుఃఖముతో సమీపించినది. హిడింబ వేసిన లెక్కను ఆమె వేయలేకపోయినది. ఆమె జాతికి ముహూర్తపు తృప్తిని విడిచి బ్రదుకు మార్గము లేకపోయినది.

ఆ కాలపు ఆంగ్లకథలలో స్త్రీని స్త్రీ వలచుట పిశాచకథలో తప్ప నోరు విప్పుట మిక్కిలి అరుదను సంగతి కూడ మఱవరాదు. పిశాచి తుదకు చంపబడును గనుకనే కాబోలు కథ ప్రచురణకు నోచుకొనెను. 1928లో రాడ్‌క్లిఫ్ హాల్ ఏ పిశాచముసుగును లేకుండ, ఏ అసభ్యవర్ణనయు లేకుండ, అదే అనురాగమును గూర్చి నవల వ్రాసినపుడు లండను న్యాయస్థానము దానిని అశ్లీలమని తీర్మానించి ప్రతులను నాశనము చేయుమని ఆజ్ఞాపించెను. మన దేశమున 1942లో ఇస్మత్ చుగ్తాయి ‘లిహాఫ్’ వ్రాసినందుకు లాహోరు న్యాయస్థానమున నిలువవలసివచ్చి, తుదకు నిర్దోషియై బయటపడెను. ఆ కథలోని చిన్నపిల్లకు, బేగము కప్పుకొనిన రజాయి నీడ గోడపై కదలాడుచు ఏనుగువలె కనబడును. భూతమెక్కడిదో చుగ్తాయి ఎంత సూక్ష్మముగా చూపినది! అది రజాయిలో లేదు. ఎవరును వివరించి చెప్పని పిల్ల కంటిలోనున్నది.

ప్రేమలో ఆకలి లేదని చెప్పు తత్త్వవేత్తలను నేను నమ్మను. ప్లేటో ‘విందు’ అను సంభాషణములో సోక్రటీసుకు డయోటిమా బోధించిన ప్రకారము, ప్రేమ అనువాడు దారిద్ర్యమను తల్లికి పుట్టినవాడు. అందుచేత ఎల్లప్పుడును లేనిదానికై వెదకుచుండును. ఆ విందులోనే అరిస్టోఫనీసు చెప్పిన కథ మన ప్రస్తుతాంశమునకు మఱింత సన్నిహితము. ఆదిలో మనుష్యులకు నాలుగు చేతులు, నాలుగు కాళ్లు, రెండు ముఖములు ఉండెడివట. వారి బలమునకు జంకి జ్యూస్ దేవుడు వారిని నిలువున చీల్చగా, నాటినుండి ప్రతి సగము తన రెండవ సగమునకై అలమటించుచున్నదట. భూమినుండి పుట్టిన సంపూర్ణ స్త్రీమూర్తి చీలికలైన స్త్రీలు స్త్రీలనే వెదకుదురని ఆ కథ బాహాటముగా చెప్పును. అనగా రెండువేల నాలుగువందల యేండ్ల క్రిందటనే, వికృతాకారము మన పూర్వస్థితియనియు, ఇప్పటి సౌష్ఠవము కోతపడిన శేషమనియు ఒక మహాగ్రంథము భావించినది.

మన ఉపనిషత్తులు ఇంకను లోతుకు పోయినవి. సృష్టికి పూర్వము సమస్తమును ఆకలిచేత, అనగా మృత్యువుచేత, కప్పబడియుండెనని బృహదారణ్యకము చెప్పును. తైత్తిరీయపు భృగువల్లి తుదిలో జ్ఞాని తానే అన్నమనియు, తానే అన్నమును భుజించువాడనియు ఆశ్చర్యముతో గానము చేయును. ఈ రెండు మాటలు కలిసియే ఉండవలెనని నేను గ్రహించినది. భుజించువాడు తాను అన్నము కానొల్లనపుడు, అది దోపిడి. ఇరువురును ఒకరికొకరు అన్నమై, ఒకరికొకరు భోక్తలైనపుడు, చూపఱులకు ఎంత భీతావహముగా నున్నను, దానిని ప్రేమ యని పిలుచుటకు నేను సంకోచింపను. కార్మిల్లా భుజించినదే కాని అన్నము కాలేదు. ఆమె విషాదమంతయు అందే యున్నది.

ఈ దృష్టితో చూచినపుడు కొత్త పునఃకథనములలో ఏవి నిలుచునో ఏవి నిలువవో స్పష్టమగును. 1979లో ఏంజెలా కార్టర్ ‘ది బ్లడీ చేంబర్’ సంపుటమున వ్రాసిన ‘పులి పెండ్లికూతురు’లో ప్రేమికుడు పురుషుడే; అయినను తరువాతివారందరికి దారి చూపినది ఆ కథయే. జూదములో తండ్రి ఓడిపోయిన కన్య పులి ముందు నిలిచినపుడు, పులి మనుష్యుడు కాదు. దాని నాలుక స్పర్శతో ఆమె చర్మము పొరలుపొరలుగా ఊడి, లోపలినుండి మెఱయు రోమములు బయల్పడును. పాత కథ ఇట్లు తలక్రిందులైనది. డబ్లిన్‌లో పుట్టిన ఎమ్మా డొనహ్యూ 1997లో ‘కిస్సింగ్ ది విచ్’ అను పేరుతో పదుమూడు కథల గొలుసు అల్లెను. కథ ముగియగానే నాయిక తాను కలసికొనిన యామెను నీ వెవరవని అడుగును. తరువాతి కథ ఆమెది. అందలి గులాబీ కథలో మృగము ముసుగు తొలగించి చూడగా ఉన్నది ఒక స్త్రీ. మంత్రప్రభావము లేదు, శాపవిమోచనము లేదు, రాకుమారుడు లేడు. లోకము మృగమని పిలిచినంతమాత్రమున మృగమైన యామె అది. డొనహ్యూ వాక్యము పొదుపైనది, చల్లనిది. అయినను ఆ ముసుగు జారిన చోట నా మనస్సు ఎంత కదలినదో చెప్పలేను.

ఇటీవలివారిలో మెలిస్సా బషర్‌దూస్త్ 2020లో వ్రాసిన ‘గర్ల్, సర్పెంట్, థార్న్’ మతవిచారము చేయువారికి విశేషముగా పనికివచ్చును. తాకినవారెల్లరు మరణించునట్లు శాపగ్రస్తయై అంతఃపురపు గోడల వెనుక దాచబడిన సొరాయా అను రాకుమారి, చెఱలోనున్న పర్వానె అను రాక్షసకన్యను ప్రేమించును. ఈ కథకు నేపథ్యమైన పారసీక మతమున సృష్టి రెండుగా విభక్తము: అహురమజ్దా సృష్టి ఒకటి, అహ్రిమను సృష్టి మఱియొకటి. ఆ రెంటి నడుమ వలపు పుట్టుట జగత్తు పునాదికే ప్రశ్న. మన ముద్రారాక్షసమునను ఒక విషకన్య కలదు. చంద్రగుప్తుని చంపుటకు పంపబడి, చాణక్యుని తంత్రముచే పర్వతకుని చంపినది. ఆమె ఎవరిని వలచెనో విశాఖదత్తుడు అడుగలేదు. ఆమెకు పేరైనను పెట్టలేదు. బషర్‌దూస్త్ ఆ ప్రశ్ననే అడిగినది. హెదర్ వాల్టర్ 2021లో ప్రకటించిన ‘మాలిస్’లో నిద్రాసుందరి కథలోని దుష్టమంత్రగత్తెయే రాకుమారిని వలచును, అందు ప్రతీకారము ప్రణయమును మ్రింగివేయుచున్నపుడు రచయిత్రి కన్ను తిప్పుకొనలేదు గనుక ఆ పుస్తకమును నేను గౌరవింతును.

కాని ఈ శాఖలో వెలువడుచున్న వానిలో చాలవానియందు ఒక గొప్ప లోపము కలదు. రూపము వికృతమగుట వేఱు, చేత క్రూరమగుట వేఱు. రూపమునకు నింద పొందినవారి పక్షమున నిలుచుట ధర్మము. ఆ సానుభూతిని తీసికొనిపోయి హింసకు మెఱుగు పెట్టుట అధర్మము. ప్రియురాలిని బంధించుటయు, బెదిరించుటయు, ఆమె కాదన్న మాటను లక్ష్యపెట్టకుండుటయు గాఢానురాగమునకు చిహ్నములుగా చూపబడినపుడు, బాధించువాడు పురుషుడైనపుడు మనము దేనిని ఖండింతుమో దానినే స్త్రీవేషములో ఆమోదించుచున్నామన్నమాట. భాగవతము ఈ విషయమున ఎంత నిక్కచ్చిగా ఉన్నదో చూడుడు. స్తనములకు విషము పూసికొని వచ్చిన పూతనకు కృష్ణుడు తల్లి పొందదగిన గతిని ప్రసాదించెను. అయితే ఆమె విషము విషము కాదని భాగవతము ఎక్కడను చెప్పలేదు; ఆ పాలతోపాటు ఆమె ప్రాణములను పీల్చిన పిమ్మటనే కరుణ చూపెను. కరుణయు సత్యమును రెండును అక్కడ చెక్కుచెదరక యున్నవి.

ఇట్టి సమతూకమును మన దేశమున సాధించినవాడు రాజస్థానులోని బోరుందా గ్రామవాసి విజయదాన్ దేథా. తన ప్రాంతపు జానపదకథలను ‘బాతాఁ రీ ఫుల్వాడీ’ అను పేర పదునాలుగు సంపుటములుగా తిరిగి చెప్పి, 1974లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందినవాడతడు. ఆయన ‘దోహరీ జూణ్’ కథలో ఇద్దఱు షావుకార్లు పుట్టబోవు బిడ్డలకు పెండ్లి నిశ్చయించుకొందురు. ఇరువురికిని ఆడపిల్లలే పుట్టగా, కట్నమునకు ఆశపడిన తండ్రి తన కూతురు బీజాను మగపిల్లవానిగా పెంచి, తీజాకు ఇచ్చి పెండ్లి చేయును. నిజము తెలిసిన పిమ్మటకూడ ఆ వధువు లిరువురు ఒకరినొకరు విడువరు. ఊరు వారిని భరింపలేదు. భూతముల నాయకుడు వారికి ఆశ్రయమిచ్చును. ఆ భూతము మహిమచేత బీజా పురుషుడగును. పురుషుడైనంతనే అతనిలో యజమానియు పుట్టును. తీజా పట్ల మాట మారును, చూపు మారును. తుదకు బీజా మరల స్త్రీత్వమునే కోరుకొనును. మనుష్యులు వెలివేసిన ప్రేమను భూతము కాపాడుటయు, వికృతి భూతములో కాక మగటిమి అహంకారములో బయల్పడుటయు దేథా ప్రతిభకు నిదర్శనములు. నేను చదివిన ఇట్టి కథలన్నిటిలో దీనికే అగ్రస్థానమిచ్చెదను. కార్మిల్లాకును, డొనహ్యూ గులాబీ కథకును తరువాతి స్థానములు.

తెలుగు కథకులకు నాదొక విన్నపము. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలోను, మన అవ్వలు చెప్పిన పేదరాశి పెద్దమ్మ కథలలోను రాక్షస స్త్రీలకు కొదవ లేదు; రాకుమారుడు కత్తి ఎత్తుటతో వారి కథ ముగిసిపోవుచున్నది. వారిలో ఒకతెను ఎన్నుకొని, ఆమె చేతి నెత్తురును తుడిచివేయక, ఆమె ఎవరిని వలచినదో మాకు చెప్పుడు.